ఆసుపత్రి బిల్లు కట్టిన స్నేహితుల్ని వదిలేయాలా?

గెలాక్సీరాయి (చీమకుర్తి)
ఆదివారం, రాత్రి 10:40

అందరికీ వందనాలు. ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఇవాళ రాయకపోతే నిద్ర పట్టేటట్టు లేదు.

నాకు 26 ఏళ్లు. చీమకుర్తి దగ్గర గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లో పని. ఇంటర్ నుంచి మేం నలుగురం ఒక బ్యాచ్. శనివారం కూలి చేతికొస్తే బండ్లేసుకుని మల్లవరం డ్యాం దగ్గరికి పోవడం, అక్కడ మందు, ఐపీఎల్ రోజుల్లో బెట్టింగు. మొదట వందలు, తర్వాత వేలు. రెండేళ్లలో లక్షా ఎనభై వేలు పోగొట్టాను. అమ్మ గాజులు ఇప్పటికీ తాకట్టులోనే ఉన్నాయి. పోయిన ఏడాది ఆగస్టులో బాప్తిస్మం తీసుకున్నాను. అప్పటి నుంచి చుక్క ముట్టలేదు, పందెం కాయలేదు.

మా సంఘ పెద్ద ఒకాయన మొన్న పక్కకి పిలిచి, "ఆ ముగ్గురితో తెంచుకోకపోతే నీ సాక్ష్యం నిలవదు" అన్నారు. ఆయనంటే నాకు గౌరవమే. తప్పు చెప్పారని అనను.

కానీ మార్చిలో నాన్నకి గుండె నొప్పి వచ్చింది. రాత్రి ఒంటిగంట. ఒంగోల్లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టెంట్ వెయ్యాలి, ముందు 45 వేలు కట్టమన్నారు. సంఘం గ్రూపులో మెసేజ్ పెట్టాను. చేతులు జోడించిన బొమ్మలు ముప్పై దాకా వచ్చాయి. "ప్రార్థిస్తున్నాం బ్రదర్." బ్యాచ్‌కి నేను ఫోన్ కూడా చెయ్యలేదు, ఎవరో చెప్తే వాళ్లే వచ్చారు. కౌంటర్ అద్దం ముందు నిలబడి ముగ్గురూ జేబులు దులిపారు. వందలూ ఐదు వందలూ, రాతిపొడి అంటిన నోట్లు. ఒకడు ఫోన్లో వాళ్ల బాబాయిని లేపి ఇరవై వేలు వేయించాడు. వాడి నోటి నుంచి మందు వాసన గుప్పుమంటూనే ఉంది. ఆ వాసన నాకు ఆ రాత్రి అసహ్యం అనిపించలేదు. నిజం చెప్తున్నాను.

నెల తిరిగేసరికి వాళ్లలో ఒకడి చెల్లెలి పెళ్లి. ముందురోజు రాత్రి మేడ మీద మందు సిట్టింగ్ ఉంటుంది. పోకపోతే నేను మనిషినే కాను. పోతే ఏమవుతానో నాకే తెలీదు. ఏం చెయ్యమంటారు?

ఇరుకుద్వారం (ఒంగోలు)
ఆదివారం, రాత్రి 11:15

తమ్ముడూ, జవాబు నీ ప్రశ్నలోనే ఉంది. "పోతే ఏమవుతానో నాకే తెలీదు" అన్నావు. తెలీనప్పుడు పోకూడదు.

కఠినంగా ఉందని అనుకోవద్దు. నేనూ మానేసినవాణ్ణే. పదకొండు నెలలు ఆగాను. మేనల్లుడి చెవులు కుట్టించే ఫంక్షన్లో బావ ఒక్క గ్లాసు చేతిలో పెట్టాడు. బలవంతం కూడా చెయ్యలేదు, నవ్వుతూ పెట్టాడు. ఆ గ్లాసు కింద పెట్టడానికి నాకు మూడేళ్లు పట్టింది.

కొత్తపట్నంకెరటం
ఆదివారం, రాత్రి 11:32

అట్టయితే యేసు ప్రభువు పన్నులు వసూలు చేసే సుంకరులతో కూచుని భోంచేయడం కూడా తప్పేనా అన్నా? ఆయన్నీ అదే అన్నారుగా ఆ రోజుల్లో, సుంకరులకీ పాపులకీ స్నేహితుడని.

ఇరుకుద్వారం
ఆదివారం, రాత్రి 11:50

లూకా ఐదో అధ్యాయం మళ్లీ చదువు. లేవీ అనే సుంకరి ముందు సుంకపు మెట్టు వదిలి ఆయన వెంట నడిచాడు, విందు ఆ తర్వాత. ఆ బల్ల దగ్గర ఆయన తననెవరితో పోల్చుకున్నాడు? వైద్యుడితో. వైద్యుడు వార్డులోకి వెళ్లొచ్చు. ఈ తమ్ముడు ఇంకా వార్డులోనే మంచం మీదున్న రోగి. రోగిని పక్క రోగి మంచం మీద పడుకోబెడతారా?

కొత్తపట్నంకెరటం
సోమవారం, ఉదయం 6:05

అదీ నిజమేలే. గెలిచావు అన్నా. వలకి పోతున్నా, మధ్యాహ్నం వస్తా.

సండేస్కూలక్క (ఒంగోలు)
సోమవారం, ఉదయం 9:20

పిల్లలకి వాక్యం చెప్పే పని నాది, అందుకే ఒక మాట ఉండబట్టలేక చెప్తున్నాను. "మోసపోకుడి. దుష్టసాంగత్యము మంచి నడవడిని చెరుపును" అనే మాటని మనం బయటివాళ్ల మీదికే విసురుతాం. అది పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రికలో 15వ అధ్యాయం, 33వ వచనం. ఆ అధ్యాయమంతా పునరుత్థానం గురించి. "మృతుల పునరుత్థానం లేదని మీలో కొందరు అంటున్నారేంటి" అని పౌలు 12వ వచనంలో అడుగుతాడు. "మీలో కొందరు." అంటే ఆ చెడ్డ సావాసం సంఘం బెంచీల మీదే కూర్చుని ఉంది. పైగా ఆ వాక్యం పౌలు సొంతం కాదు, మెనాండర్ అనే గ్రీకు నాటకకర్త మాట అని పండితులు చెప్తారు. బయటివాడి మాట తెచ్చి లోపలివాళ్లకి బుద్ధి చెప్పాడన్నమాట!

అదే పత్రిక ఐదో అధ్యాయంలో ఇంకా తేటగా రాశాడు. లోకంలోని లోభులతో, దోచుకునేవాళ్లతో అసలు కలవొద్దని నా ఉద్దేశం కాదు, అలాగైతే మీరు లోకాన్నే వదిలి వెళ్లిపోవాలి కదా అంటాడు. ఎవరితో కూర్చుని తినొద్దన్నాడు? సహోదరుడని పేరు పెట్టుకుని తిట్టుబోతుగా, తాగుబోతుగా, దోపిడీదారుగా ఉన్నవాడితో.

తమ్ముడు నాన్న గుండె పట్టుకుని పడుకుంటే మనం బొమ్మలు పంపాం. అందుకే ఇది రాస్తున్నాను. నేనూ అలాంటి బొమ్మలు పంపిన మనిషినే.

ఇరుకుద్వారం
సోమవారం, ఉదయం 9:48

అక్కా, ఆ చివరి మాట నాకూ తగిలింది. కానీ సంఘం తప్పు సంఘానిది, బాటిల్ తప్పు బాటిల్‌ది. రెండోది మొదటి దాంతో కొట్టుకుపోదు.

సండేస్కూలక్క
సోమవారం, ఉదయం 9:55

పోదు. ఒప్పుకుంటున్నాను.

అత్తరుకొట్టు (నెల్లూరు)
సోమవారం, మధ్యాహ్నం 2:10

నేను ముస్లింని. మీ వేదికలో అప్పుడప్పుడు చదువుతుంటాను. మా దగ్గర దీనికి ఒక మాట ఉంది. అబూ మూసా అష్అరీ గారు ప్రవక్త గారి నుంచి చెప్పిన హదీసు. మంచి స్నేహితుడు కస్తూరి అమ్మేవాడిలాంటివాడు, చెడ్డ స్నేహితుడు కొలిమి తిత్తి ఊదేవాడిలాంటివాడు. కస్తూరివాడు నీకు ఊరికే ఇంత రాయొచ్చు, నువ్వు కొనొచ్చు, రెండూ లేకపోయినా మంచి వాసన పీల్చుకుని వస్తావు. తిత్తివాడి దగ్గర బట్ట కాలుతుంది, లేదంటే చెడ్డ వాసన తగులుతుంది.

నేను అమ్మేది అత్తరే కాబట్టి ఇది నాకు రోజూ కనిపించే విషయం. బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగ రోజుల్లో స్వర్ణాల చెరువు ఒడ్డున రొట్టెలు మార్చుకుని తడి బట్టలతో జనం వస్తారు. అన్ని మతాలవాళ్లూ. దూది చుట్టిన పుల్లతో చేతి వెనక ఇంత రాస్తాను. వందమందిలో కొనేది పదిమంది. మిగతా తొంభై మంది ఊరికే వాసనతో పోతారు, బస్సులో పక్కవాడు కూడా "ఏం సెంటు భాయ్" అని అడుగుతాడంట. రాత్రి ఇంటికి పోతే నా పిల్లకాయలు చొక్కాలో ముఖం పెడతారు. నేను ఒక్క చుక్క రాసుకోను, అదంతా కొట్టు వాసన.

మా బావమరిదిది వెల్డింగ్ షాపు. మంచోడు, నమాజు నాకంటే సరిగ్గా చదువుతాడు. అయినా వాడి దగ్గర గంటసేపు కూచుంటే నా లుంగీకి రెండు చిల్లులు పడతాయి. ఆ హదీసులో నాకు అర్థమైంది ఇదే. తిత్తి ఊదేవాడు నిన్ను కాల్చాలని కూచోలేదు. వాడి పని వాడు చేసుకుంటున్నాడు. నిప్పురవ్వకి నువ్వు వాడి ఫ్రెండువని తెలీదు.

పెన్నాగట్టు (నెల్లూరు)
సోమవారం, సాయంత్రం 5:30

భాయ్, నిప్పురవ్వ మాట చాలా బాగా చెప్పారు.

నేను రిటైరైన తెలుగు మాస్టార్ని. రోజూ సాయంత్రం రంగనాయకుల గుడి వెనక పెన్న గట్టున నడుస్తాను. భర్తృహరి నీటిబొట్టు పద్యం ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను. కాలిన ఇనుము మీద పడితే బొట్టు పేరు కూడా లేకుండా పోతుంది, తామరాకు మీద ముత్యంలా కనిపిస్తుంది, ముత్యపుచిప్పలో పడితే ముత్యమే అవుతుంది. పరీక్షల్లో పిల్లలు తప్పు లేకుండా రాసేవాళ్లు, గేటు దాటగానే ఇనుము వెతుక్కుంటూ పోయేవాళ్లు. అది వేరే సంగతి.

అయితే ఈ అబ్బాయిది బొట్టు కథ కాదు. ఇతను కర్ణుడు.

నలుగురిలో కులం అడిగి తలవంచుకునేలా చేసిన రోజున అంగరాజ్యం ఇచ్చి నిలబెట్టింది దుర్యోధనుడు. ఆ కృతజ్ఞత నిజం. అందులో కల్తీ లేదు. యుద్ధానికి ముందు కృష్ణుడు వచ్చి, నువ్వు కుంతి పెద్దకొడుకువి, పాండవుల వైపు రా అన్నా కర్ణుడు కదల్లేదు. ఆ ఘట్టం ఉద్యోగపర్వంలో ఉంది, దాన్ని తెలుగు చేసింది మన నెల్లూరు తిక్కనే. చదివిన ప్రతిసారీ కర్ణుడి మీద గౌరవం పెరుగుతుంది, ప్రతిసారీ బాధా వేస్తుంది. బాకీ తీర్చాలనుకోవడం తప్పు కాదు. ఏ నాణెంతో తీర్చాడన్నదే చిక్కు. సభలో ద్రౌపదిని అవమానిస్తున్నప్పుడు నోరు మూసుకోలేదు సరికదా, తనూ మాట కలిపాడు.

అబ్బాయ్, 45 వేలు బాకీ ఉన్నావు. దాన్ని 45 వేలతో తీర్చు. మేడ మీద గ్లాసుతో తీర్చకు.

కొత్తపట్నంకెరటం
సోమవారం, రాత్రి 8:15

మాస్టారూ, సూపర్. నాకొక డౌటు ఉంది, అది గెలాక్సీ తమ్ముడికే. ఆ ముగ్గురిలో నీకు బెట్టింగ్ లింకు మొదట పంపింది ఎవరు? వాడికి ఒక్కో మనిషిని చేర్చినందుకు కమీషన్ వచ్చిందా రాలేదా? మన రాష్ట్రంలో ఆన్‌లైన్ పందేలు 2020లోనే నిషేధం. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటికీ కలిపి చట్టం చేసింది. అయినా లింకు ఆగుతుందా? యాప్ మూస్తే టెలిగ్రాం, అది మూస్తే ఇంకోటి. లింకు పంపేవాడు మాత్రం ఎప్పుడూ మనకి తెలిసినవాడే.

నాతోపాటు గోతిలో పడ్డవాడు వేరు, నన్ను తోసినందుకు కూలి తీసుకున్నవాడు వేరు.

గెలాక్సీరాయి
సోమవారం, రాత్రి 9:40

అందరి మాటలూ రెండుసార్లు చదివాను. కెరటం అన్నా, మీరు అడిగింది సూటిగా తగిలింది.

పెళ్లింటివాడు మందు తాగుతాడు, పందెం కాయడు. రెండోవాడు నాలాగే పోగొట్టుకున్నాడు, నాకంటే ఎక్కువే. వాడే ఆ రాత్రి బాబాయిని లేపింది. మూడోవాడు లింకు పంపినవాడు. కమీషన్ వచ్చేది. నేను మానేశాక కూడా ఐపీఎల్ మొదలవగానే "ఫ్రీ బోనస్ రా, ఒక్కసారి" అని పంపాడు. ఆసుపత్రిలో వాడు పది వేలు ఇచ్చాడు. ఆ పది వేలు ఎక్కణ్ణుంచి వచ్చాయో ఇప్పుడు తల్చుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. కానీ ఆ రాత్రి వాడి కళ్లలో నీళ్లు కూడా చూశాను. అదీ అబద్ధం కాదు.

సండేస్కూలక్క
సోమవారం, రాత్రి 10:05

కాదు తమ్ముడూ, అబద్ధం కాకపోవచ్చు. రెండో సమూయేలు 13లో యోనాదాబు అని ఒకడున్నాడు. దావీదు రాజు అన్న కొడుకు, ఆ రాజు కొడుకు అమ్నోనుకి స్నేహితుడు, మహా కపటి అని రాసి ఉంది. వాడు మొదట అడిగిన ప్రశ్న ఏంటో చూడు: రోజురోజుకీ చిక్కిపోతున్నావెందుకు? ఇంటిల్లిపాదిలో ఎవరూ పట్టించుకోని విషయం వాడి కంట పడింది. వెంటనే ఇచ్చిన సలహా మాత్రం ఒక ఇంటిని కూల్చేసింది. మన మీద నిజంగా బెంగపడే మనిషి మనకి మంచి సలహా ఇస్తాడని లేదు.

పొగాకుబ్యారన్ (టంగుటూరు)
మంగళవారం, ఉదయం 5:50

పొద్దున్నే గ్రేడింగు పనిలో ఉన్నాం, మధ్యలో చదివాను. "విశ్వాసివై ఉండి పొగాకేంది" అని ఈ వేదికలోనే నన్ను రెండుసార్లు కడిగేశారు, ఆ చర్చ ఇక్కడ తేవొద్దు దయచేసి.

బ్యారన్‌లో, అంటే పొగాకు కాల్చే కొట్టంలో, కాలిన ఆకుని ఎండెక్కాక ముట్టుకుంటే పొడైపోద్ది. అందుకని చీకటితో లేచి, కాస్త మెత్తదనం ఉన్నప్పుడే ఆడోళ్లు కుప్ప ముందు కూచుని ఒక్కో ఆకు విడదీస్తారు. నిమ్మపండు రంగుది ఒక పక్క, మచ్చ పడ్డది ఒక పక్క, పచ్చ మిగిలింది ఇంకో పక్క. మా ఆవిడైతే చూపు కూడా తిప్పకుండా వేలికొసతో చెప్పేస్తుంది. కుప్ప మొత్తం మంచిదనీ అనరు, మొత్తం పారెయ్యండనీ అనరు. తమ్ముడు ఇప్పటిదాకా "ఆ ముగ్గురు, ఆ ముగ్గురు" అని ఒకే బేలు కట్టి మాట్లాడాడు. సంఘ పెద్ద గారూ అదే బేలు చూసి వద్దన్నారు. నిన్న రాత్రి కెరటం అడిగాకే విప్పాడు.

ఇంకొకటి కూడా చెప్పాలి, లేకపోతే సగం నిజం చెప్పినవాణ్ణవుతా. తడి ఉన్న ఆకు నాలుగంటే నాలుగు లోపల పడి బేలు కట్టేస్తే, లోపల వేడి పుట్టి చుట్టూ ఉన్న మంచి ఆకు కూడా బూజు పడుతుంది. పైకి ఏం తెలీదు. వేలం ప్లాట్‌ఫాం మీద కొనేవాడు చెయ్యి లోపలికి పెట్టి లాగి చూస్తాడు. నోబిడ్, అంటే ఎవరూ పాడరు. బండి కిరాయి మనకే. కాబట్టి మూడోవాణ్ణి మాత్రం కలపొద్దు. పది వేలు ఇచ్చాడని కలపొద్దు.

కావలినర్సు
మంగళవారం, రాత్రి 9:15

డ్యూటీ దిగి రాస్తున్నాను. అన్ని వైపుల నుంచీ మాట్లాడారు గానీ తాగేవాడి భార్య ఒక్కరూ మాట్లాడలేదు.

మా ఆయన ఆటో నడుపుతారు. సాయంత్రం ఏడింటికి ఇంటి ముందు హారన్ రెండుసార్లు మోగేది. ఆ రెండు మోతలకి నా చేతిలో గరిటె ఆగిపోయేది. మూడేళ్లు విన్నాను ఆ హారన్. మానేస్తానన్నప్పుడు మా పాస్టరు అయ్యగారు కూడా స్నేహితుల్ని వదిలెయ్యమన్నారు. ఆయన వల్ల కాలేదు. చిన్నప్పటి నుంచి పక్క వీధివాళ్లు, ఎక్కడికని పారిపోతాడు?

చివరికి ఒకటే చేశారు. సాయంత్రం కలవడం మానేశారు. "కలవాలంటే పొద్దున ఆరున్నరకి ట్రంకు రోడ్డు మీద టీ కొట్టు దగ్గరికి రండి, టీ నాది" అన్నారు. మొదటి వారం నలుగురు వచ్చారు. రెండో వారం ఇద్దరు. మిగతా ఇద్దరికీ పొద్దున లేచే పరిస్థితే లేదు. పోట్లాట లేదు, ఎవర్నీ చెడ్డవాళ్లని అనలేదు. ఆ ఇద్దరితో ఆరేళ్లుగా టీ తాగుతూనే ఉన్నారు. అందులో ఒకాయన పోయిన క్రిస్మస్‌కి మా ఇంటికి బిర్యానీకి కూడా వచ్చారు, చర్చికి మాత్రం రాలేదు. నేనూ అడగలేదు.

తమ్ముడూ, పెళ్లికి పొద్దున పో.

కొండకిందపెద్దాయన (ఒంగోలు)
బుధవారం, ఉదయం 7:00

నాకు 74. ప్రార్థన కొండ కిందే పుట్టి పెరిగాను. ఈ పిల్లలకి కొండ సంగతి తెలుసో లేదో. 1854 జనవరి 1న తెల్లవారుజామున మిషనరీ జూవెట్ దొర ఆ కొండెక్కి ఒంగోలు కోసం ప్రార్థించినప్పుడు ఆయన వెంట ఉన్నది ఎంతమందనుకున్నారు? దొరతో, దొరసానితో కలిపి ఐదుగురు. మిగతా ముగ్గురూ తెలుగువాళ్లే. మంచి సావాసం అనగానే మన పిల్లలు పెద్ద గ్రూపు, పెద్ద కూడిక కావాలనుకుంటారు. చీకట్లో మనతో కొండెక్కేవాళ్లు నలుగురుంటే చాలు. ఆ నలుగుర్ని ఈ అబ్బాయికి సంఘం చూపించిందా? తెంచుకో అన్న పెద్ద, శనివారం సాయంత్రం ఆరింటికి మా ఇంటికి రా అని కూడా అన్నాడా? శనివారం కూలి చేతిలో పెట్టుకుని కుర్రాడు ఎక్కడికి పోవాలి?

ఇంకో సంగతి. మాస్టారు గారు బాకీ గురించి చెప్పారు కదా. 1876-78 కరువులో ఇంకో మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్లు కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకి పని ఇచ్చాడు. వేలమంది బాప్తిస్మం కావాలని వచ్చారు. కరువు పని నడిచినన్నాళ్లూ ఇవ్వనన్నాడు. కూలి కోసం, కూటి కోసం వచ్చారేమో అన్న అనుమానం పోవాలని. సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. అప్పుడు 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. అబ్బాయి చెప్పిన మల్లవరం డ్యాం కూడా ఆ గుండ్లకమ్మ మీదే, చూడండి.

నేను చెప్పొచ్చేది, డబ్బు మధ్యలో ఉన్నంతకాలం అది స్నేహమో మొహమాటమో నీకూ తెలీదు, వాళ్లకీ తెలీదు. ముందు డబ్బు తిరిగివ్వు నాయనా. తర్వాత ఎవరు మిగులుతారో చూడు.

ఇరుకుద్వారం
బుధవారం, ఉదయం 7:40

పెద్దాయనా, వందనాలు. తమ్ముడూ, నేను ఒంగోల్లోనే ఉంటాను. నిన్ను పోవద్దన్నాను గానీ, పోకుండా ఆ రాత్రి ఎక్కడుండాలో చెప్పలేదు. పెళ్లి ముందురోజు రాత్రి మా ఇంటికి రా. మా ఆవిడ గోంగూర బాగా చేస్తుంది. అక్కడే పడుకుని తెల్లారి పోదువు. వేదిక మెసేజ్‌లో నంబరు పంపాను.

మోడరేటర్
బుధవారం, ఉదయం 8:10

మధ్యలో ఒక సభ్యుడు మూడోవాణ్ణి పోలీసులకి పట్టివ్వాలంటూ ఊరి పేర్లతో సహా రాశారు. తీసేశాం. దయచేసి ఎవర్నీ గుర్తుపట్టేలా రాయొద్దు.

గెలాక్సీరాయి
ఐదు వారాల తర్వాత, సోమవారం, రాత్రి 10:20

ఆలస్యానికి క్షమించండి. ఏం జరిగిందో చెప్తానని అక్కకి మాటిచ్చాను.

ముందు డబ్బు. ఓవర్‌టైం చేసి, యూనిట్లో అడ్వాన్సు తీసుకుని ఇరవై వేలు పోగేశాను. అందులో పది వేలు మూడోవాడికి మొత్తంగా ఇచ్చేశాను. వాడు లెక్కపెట్టుకుని జేబులో పెట్టుకున్నాడు. "ఇంక లింకులు పంపొద్దు రా, పంపితే బ్లాక్ చేస్తా" అన్నాను. నవ్వి, "నువ్వు పాస్టరయిపోయావురా" అన్నాడు. రెండు రోజులకే పంపాడు. బ్లాక్ చేశాను. చేశాక చాలాసేపు ఫోన్ చేతిలోనే పట్టుకుని కూచున్నాను. పదేళ్ల ఫ్రెండు. సంతోషంగా ఏమీ లేదు.

మిగతా పది వేలు బాబాయిని లేపినవాడికి ఇవ్వబోతే బూతులు తిట్టాడు. "మీ నాన్న నాకేమీ కాడా?" అన్నాడు. అమ్మ గాజుల వడ్డీ కట్టమని వెనక్కి తోశాడు. బాబాయి దగ్గర తీసుకున్నదైనా తీర్చాలి కదరా అంటే అప్పుడు ఐదు వేలు తీసుకున్నాడు. నెలకింత అని ఒప్పుకున్నాం. ఇంకోటి చెప్పాలి. పందేలు మానాలంటే ఎట్టా అని నన్ను అడిగాడు. నాకేం చెప్పాలో తెలీలేదు. శనివారం సాయంత్రం పెద్దాయన ఇంటికి తీసుకుపోయాను. ఆయన బైబిలు తియ్యలేదు, క్యారం బోర్డు తీశారు. ఇద్దర్నీ ఓడించారు.

పెళ్లి. ముందురోజు మధ్యాహ్నమే పోయాను. పందిట్లో కుర్చీలు దింపాను, కూరగాయల మూటలు మోశాను. అన్నీ మామూలుగానే ఉన్నాయి. ఆరున్నరకి మేడ మీదికి ఐస్ డబ్బా ఎక్కుతుంటే చూశాను. నా కాళ్లు దాని వెంట రెండు మెట్లు ఎక్కాయి, అబద్ధం చెప్పను. మూడో మెట్టు మీద పెళ్లింటివాడు నా భుజం మీద చెయ్యేశాడు. "రారా" అంటాడనుకున్నాను. "ఏడింటి బస్సుంది, మళ్లీ లేదు. పద, దింపుతా" అన్నాడు. బండి మీద దారిపొడుగునా పలావులోకి ఉప్పు ఎవరు చూడాలన్న గోలే. బస్సు ఎక్కాక కిటికీ దగ్గరికి వచ్చి, "పొద్దున్నే రా, వడ్డన నీదే" అని తిరిగిపోయాడు. వాడు ఆ రాత్రి తాగాడు. నాకు తెలుసు.

ఇరుకుద్వారం అన్న వాళ్లింట్లో గోంగూర నిజంగానే బాగుంది. అన్నకి ఆ రాత్రి నిద్ర పట్టలేదనుకుంటా, రెండుసార్లు లేచి నేనున్నానో లేదో చూశారు.

అత్తరుకొట్టు
సోమవారం, రాత్రి 10:45

మాషా అల్లా. ఆ పెళ్లింటి పిల్లకాయ ఎప్పుడైనా నెల్లూరొస్తే మా కొట్టుకి తీసుకురా. ఊరికే రాస్తా.

సండేస్కూలక్క
సోమవారం, రాత్రి 10:52

సంఘ పెద్ద గారు ఏమన్నారు తమ్ముడూ?

గెలాక్సీరాయి
సోమవారం, రాత్రి 11:05

నిన్న ఆరాధన అయ్యాక అడిగారక్కా, "పెళ్లికి పోయావంట?" అని. "పోయానండి, సాంబారు వడ్డించాను" అన్నాను. కాసేపు నా ముఖంలోకి చూశారు. తర్వాత "మీ నాన్నకి ఎట్టా ఉంది?" అన్నారు. మార్చి నుంచి ఆయన ఆ మాట అడగడం అదే మొదటిసారి. సాయంత్రం ఇంటికి వచ్చి నాన్న పక్కన మంచం మీద కూచుని, ఆయన మందుల చీటీ చూసి, ఏ మాత్ర ఏ పూట వేసుకోవాలో పెన్నుతో డబ్బాల మీద రాసి వెళ్లారు.

పొగాకుబ్యారన్
మంగళవారం, ఉదయం 5:40

శనివారం క్యారం బోర్డుకి ఇంకో మనిషికి చోటుందా పెద్దాయనా? మా పెద్దోణ్ణి పంపుతా. వాడి ఫోన్ చూస్తే నాకు భయంగా ఉంది.

కొండకిందపెద్దాయన
మంగళవారం, ఉదయం 6:15

పంపు. స్ట్రైకర్ పగిలింది, వచ్చేటప్పుడు ఒకటి కొనుక్కురమ్మను.